కొత్త ఆల్బమ్‌ను రేడియో శ్రోతకు పరిచయం చేసేదెవరు? ఉత్తరాంధ్రలో సినిమాయేతర పాట దారి

సంక్షిప్తంగా: సినిమాతో సంబంధం లేని తెలుగు పాటలు, ఆల్బమ్‌లు వారం వారం విడుదలవుతున్నా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రేడియో శ్రోతలకు అవి వినిపించడం అరుదు. శ్రోతల అభిరుచిని ఇందుకు తప్పుపట్టలేం. సినిమా పాట స్టేషన్‌కు చేరేసరికే ప్రచారం పూర్తయి ఉంటుంది. సొంతంగా విడుదలైన ఆల్బమ్‌కు ఆ ప్రచారాన్ని రేడియోయే చేసిపెట్టాలి. ఆ పనికి పట్టే సమయానికి ఇప్పుడున్న వ్యాపార పద్ధతిలో ఎవరూ డబ్బు కట్టడం లేదు. రెండు పట్టణాలకూ కొత్త ఎఫ్‌ఎం ఛానళ్లు రానున్న వేళ ఈ లెక్క మారే అవకాశం కొంత ఉంది.

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ప్రైవేటు ఎఫ్‌ఎం లేని 234 పట్టణాల్లో 730 ఛానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 22 పట్టణాలు, 68 ఛానళ్లు. శ్రీకాకుళానికి మూడు, విజయనగరానికి మూడు ఛానళ్లు ఆ జాబితాలో ఉన్నాయి. అంటే అప్పటివరకు ఈ రెండు జిల్లా కేంద్రాలకూ సొంత ప్రైవేటు ఎఫ్‌ఎం లేదన్నమాట. ఆరు ఛానళ్లు వస్తే పాటలు వినడానికి ఆరు చోట్లు దొరుకుతాయి గాని, ఆరు చోట్లా ఒకే పాటలు తిరిగితే శ్రోతకు ఒరిగేదేమీ ఉండదు. విశాఖపట్నంలో మిర్చి, రేడియో సిటీ, బిగ్, రెడ్ ఛానళ్లు నాలుగూ కొన్నేళ్లుగా ప్రసారమవుతున్నా, ఒకదాని నుంచి మరొకదానికి మారిన శ్రోతకు ఎక్కువగా అవే సినిమా పాటలు ఎదురవుతాయి. ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే కొత్త ఛానళ్ల నుంచి ఏం ఆశించవచ్చో కూడా తెలుస్తుంది.

### పాటను ఎంచేది ఎవరు, దేన్ని చూసి?

ప్రైవేటు ఎఫ్‌ఎంలో ఏ పాట వేయాలన్నది సాధారణంగా ఆర్జే చేతిలో ఉండదు. సంగీత విభాగం వారానికోసారి జాబితా తయారుచేస్తుంది. కొత్త హిట్లు, కొంత పాతబడినవి, ఎప్పటికీ నిలిచేవి అంటూ పాటలను వర్గాలుగా విడదీసి, ఏ వర్గం పాట గంటకు ఎన్నిసార్లు రావాలో కంప్యూటర్‌లో అమరుస్తుంది. జాబితాలో లేని పాట ఆర్జేకు ఎంత నచ్చినా ప్రసారంలోకి రాదు.

ఆ జాబితా తయారీలో భయం పాలు ఎక్కువ. తెలియని పాట మొదలవగానే శ్రోత స్టేషన్ మార్చేస్తాడన్నది రేడియో వ్యాపారంలో పాతుకుపోయిన నమ్మకం. దాన్ని పరీక్షించి చూసే వీలు మన ప్రాంతంలో లేదు. దేశంలో రేడియో శ్రోతలను లెక్కించే ‘రామ్’ కొలమానం ఢిల్లీ, ముంబయి, బెంగళూరు, కోల్‌కతా నగరాలకే పరిమితమైంది. లెక్కలు లేని చోట స్టేషన్లు యూట్యూబ్ వీక్షణలనూ శ్రోతల ఫోన్లనూ కొలమానంగా తీసుకుంటాయి. సినిమా పాటకు లిరికల్ వీడియో, టీజర్, ప్రీ రిలీజ్ వేడుక, తారల ఇంటర్వ్యూలు అన్నీ నిర్మాత ఖర్చుతోనే జరిగిపోతాయి కనుక వీక్షణల్లో అది ముందుండటం సహజం. కాకినాడలోనో బొబ్బిలిలోనో ఇంట్లో రికార్డు చేసుకున్న ఎనిమిది పాటల ఆల్బమ్‌కు ఆ హంగు ఉండదు. ఇప్పటికే ప్రచారమున్న పాటకే మరింత ప్రచారం దక్కే చక్రం ఇలా తిరుగుతూ ఉంటుంది. పాట బాగుందా లేదా అన్న ప్రశ్న ఈ చక్రంలో ఎక్కడా రాదన్నది గమనించాల్సిన విషయం.

### హక్కుల పత్రాలు

పైకి కనిపించని అడ్డంకి మరొకటి ఉంది. ఒక పాటలో కనీసం రెండు రకాల హక్కులు కలిసి ఉంటాయి. సాహిత్యం, బాణీల హక్కు ఒకటి, రికార్డు చేసిన ధ్వని హక్కు మరొకటి. సినిమా పాటల విషయంలో ఒక పెద్ద ఆడియో సంస్థతో ఒక్క ఒప్పందం కుదిరితే వేల పాటలు స్టేషన్‌కు అందుబాటులోకి వస్తాయి. సొంత ఆల్బమ్‌ల విషయంలో ఒక్కో కళాకారుడితో విడివిడిగా ఉత్తరప్రత్యుత్తరాలు నడపాలి. పాట రాసినవారు, బాణీ కట్టినవారు, స్టూడియోవారు నోటిమాట మీదే పని ముగించి ఉంటే ధ్వని హక్కు ఎవరిదో వాళ్లకే స్పష్టంగా తెలియని పరిస్థితి కూడా ఉంటుంది. మూడు నిమిషాల పాట కోసం ఇంత తతంగానికి స్టేషన్ పూనుకోదు.

2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ఇక్కడ కొంత వెసులుబాటు కల్పించింది. అప్పుడు చేర్చిన 31డి సెక్షన్ ప్రకారం, ఇప్పటికే ప్రచురితమైన పాటను ప్రసారం చేయదలచిన రేడియో సంస్థ హక్కుదారుకు ముందుగా నోటీసు ఇచ్చి, నిర్ణయించిన రేటు చెల్లించి ప్రసారం చేసుకోవచ్చు. నిబంధనల ప్రకారం ఆ నోటీసు కనీసం ఐదు రోజుల ముందు ఇవ్వాలి. కాగితం మీద ఇది సినిమా పాటకూ సొంత ఆల్బమ్‌కూ సమానమే. ఆచరణలో మాత్రం, చిరునామా తెలిసిన పెద్ద సంస్థకు నోటీసు పంపడం తేలిక, పేరు తప్ప వివరం దొరకని గాయకుడికి పంపడం కష్టం.

ఆకాశవాణి పద్ధతి వేరు. అక్కడ పాడదలచినవారు ఆడిషన్‌లో నెగ్గి గ్రేడు పొందాలి. ఆ వ్యవస్థ నాణ్యతకు ఒక హామీ ఇచ్చింది, మారుమూల కళాకారులకు పారితోషికం ఇచ్చింది. కాని గిటారు పట్టుకుని తన పాట తానే రాసి పాడుకునే యువకుడు లలిత సంగీతం, జానపదం అన్న వర్గాల్లో దేనిలో ఇముడుతాడో తేల్చడం ఇప్పటికీ కష్టమే.

### ఈ నేలకు ఇది కొత్త కాదు

సినిమాయేతర పాట నగరాల నుంచి దిగుమతైన సరదా అనుకోవడం పొరపాటు. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల వెలిసింది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు, ఆ తర్వాతి అధ్యక్షులు ద్వారం వెంకటస్వామినాయుడు. ఘంటసాల అక్కడే చదువుకున్నారు, విజయనగరం ఆడపడుచు పి.సుశీల అక్కడే శిక్షణ పొందారు. సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టిన సాలూరు రాజేశ్వరరావు సినిమా సంగీత దర్శకుడిగా స్థిరపడకముందే, ఆ తర్వాత కూడా సినిమాతో సంబంధం లేని గీతాలను గ్రామఫోన్ రికార్డులుగా ఇచ్చారు. పెద్దలు ‘ప్రైవేటు పాటలు’ అని పిలుచుకున్నవి అవే. ఘంటసాల ప్రైవేటు పాటలూ పద్యాలూ ఆయన సినిమా పాటలతో సమానంగా ఇంటింటా మోగాయి. పార్వతీపురం ప్రాంతం నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు పాట ఏ స్టేషన్ జాబితాలోనూ చేరకుండానే సభల మీదుగా, క్యాసెట్ల మీదుగా ఊరూరా తిరిగింది.

రేడియోకు కూడా ఇందులో పెద్ద పాత్రే ఉంది. బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారి చేతుల్లో విజయవాడ కేంద్రం లలిత సంగీతాన్ని ఒక శాఖగా పెంచింది. 1963లో మొదలైన విశాఖపట్నం కేంద్రం ఉత్తరాంధ్ర గాయకులకు మైకు అందించింది. ‘ఈ మాసపు పాట’ శీర్షికను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒక కొత్త గీతాన్ని ఎంచి నెల పొడుగునా మళ్లీ మళ్లీ వినిపించేవారు. మొదటిసారి చెవిన పడ్డప్పుడు పట్టించుకోని శ్రోత మూడోసారికి పల్లవి గుర్తుపట్టేవాడు, నెలాఖరుకు తానే కూనిరాగం తీసేవాడు. ఏదైనా పదే పదే ఎదురైతే దానిపై ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో ప్రయోగాలతో చూపించారు. తెలియని పాట వేస్తే శ్రోత పారిపోతాడన్న నమ్మకానికి ఇదే సరైన జవాబు. ఒక్కసారే వేసి వదిలేస్తే పారిపోవచ్చు. సినిమా పాటకు దక్కినన్ని సార్లు దానికీ దక్కితే అది కూడా తెలిసిన పాటే అవుతుంది.

చరిత్రలో ఒక హెచ్చరిక కూడా ఉంది. 1952లో సమాచార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి.కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలను కట్టడి చేసి శాస్త్రీయ, లలిత సంగీతాలకు పెద్దపీట వేశారు. శ్రోతలు సినిమా పాటలు వినిపించే శ్రీలంక స్టేషన్ రేడియో సిలోన్ వైపు మళ్లారు. చివరకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణిలోనే సినిమా పాటలతో వివిధ భారతి పుట్టాక గాని వారు వెనక్కి రాలేదు. కొత్త పాటను పరిచయం చేయడం వేరు, ఇష్టమైన పాటను లాక్కుని కొత్తది చేతిలో పెట్టడం వేరు. ఇండీ సంగీతాన్ని, అంటే సినిమాతో సంబంధం లేకుండా సొంతంగా చేసుకునే పాటలను సమర్థించేవారు సినిమా పాటను తక్కువ చేసి మాట్లాడటం వల్ల శ్రోతలు దూరమవుతారే తప్ప దగ్గర కారు.

### తరంగం ఎంత దూరం వస్తుంది?

విశాఖ ఆకాశవాణి మీడియం వేవ్ ప్రసారం 927 కిలోహెర్ట్‌జ్ మీద రెండు జిల్లాలకూ అందుతుంది. ఎఫ్‌ఎం తరంగం అలా కాదు, దాదాపు కంటిచూపు లాగా తిన్నగా సాగుతుంది, కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. విశాఖ ప్రైవేటు స్టేషన్లు విజయనగరం గంటస్తంభం దగ్గర గరగరల మధ్య వినిపించవచ్చు గాని, వంద కిలోమీటర్లకు పైబడి ఉన్న శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దాకా నిలకడగా రావు. పైగా చాలామంది రేడియో వినేది ఇప్పుడు ఫోన్‌లోనే. ఫోన్‌లోని ఎఫ్‌ఎంకు వైరున్న ఇయర్‌ఫోన్సే యాంటెన్నా. ఆ వైరు పెట్టుకునే రంధ్రం కొత్త ఫోన్లలో చాలావాటికి లేదు, కొన్నిటిలో ఎఫ్‌ఎం సదుపాయాన్నే మూసేశారు. ఫోన్లలో ఎఫ్‌ఎంను అందుబాటులో ఉంచాలని 2023లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ తయారీదారులకు సూచించింది.

### యాప్ సిఫార్సుకూ మనిషి సిఫార్సుకూ తేడా

కొత్త పాటలు కావలసినవారు యాప్‌లలో వెతుక్కుంటారు కదా, రేడియో ఎందుకు అన్నది న్యాయమైన ప్రశ్న. ప్రపంచమంతటా 2015 జులై నుంచి శుక్రవారాన్ని కొత్త విడుదలల రోజుగా పాటిస్తున్నారు. సంగీత గణాంకాలు సేకరించే లూమినేట్ సంస్థ లెక్కల ప్రకారం 2023లో సగటున రోజుకు లక్షకు పైగా కొత్త పాటలు యాప్‌లలోకి చేరాయి. వాటిలో ఒక్కటి శ్రోతకు కనబడాలంటే యాప్ లోపలి లెక్కలు దాన్ని ముందుకు తేవాలి. ఆ లెక్కలు శ్రోత ఇదివరకు విన్నదాన్ని బట్టి నడుస్తాయి కనుక, సినిమా పాటలే విన్నవారికి చాలావరకు సినిమా పాటలే ఎదురవుతాయి. స్పాటిఫైలో 30 సెకన్లు విన్నాకే ఒక వినికిడిగా లెక్కిస్తారు. 2024 నుంచి ఏడాదిలో కనీసం వెయ్యి వినికిళ్లు లేని పాటకు అక్కడ రాయల్టీ కూడా రాదు. పెద్ద గాయకుడికి వెయ్యి ఒక గంట పని. పాలకొండలో ఉండి పాటలు చేసుకునే కుర్రాడికి అదే ఒక గోడ.

మనిషి సిఫార్సు చేసేటప్పుడు కారణం చెబుతాడు. ఆ పాట ఎవరిది, ఎక్కడ పుట్టింది, అందులో ఏం వినాలి అన్నది చెప్పగలగడమే రేడియోకు మిగిలిన బలం. శ్రోత వెతకకుండానే, వంట చేస్తూనో ఆటో నడుపుతూనో ఉండగానే కొత్త పాట చెవిన పడే సాధనం కూడా అదొక్కటే.

### బయటి అనుభవాలు

ఇతర దేశాలు ఈ చిక్కును వేర్వేరు దారుల్లో ఎదుర్కొన్నాయి. బ్రిటన్‌లో బీబీసీ 2007లో ‘బీబీసీ ఇంట్రడ్యూసింగ్’ మొదలుపెట్టింది. ఎవరైనా తమ పాటను పంపవచ్చు. దాన్ని ముందుగా వినేది వారి ప్రాంతపు స్థానిక స్టేషన్. అక్కడ మెప్పు పొందినది జాతీయ ఛానల్‌కు వెళుతుంది. ఆస్ట్రేలియాలో ‘ట్రిపుల్ జె’ 1995లో ప్రారంభించిన ‘అనర్త్‌డ్’ కూడా రాజధాని నగరాలకు వెలుపలి ఊళ్ల బ్యాండ్ల కోసం పుట్టిందే. ఫ్రాన్స్ చట్టం దారి పట్టింది. 1996 నుంచి రేడియో పాటల్లో 40 శాతం ఫ్రెంచి పాటలుండాలని, అందులో సగం కొత్త గాయకులవో కొత్త విడుదలలో కావాలని నియమం పెట్టింది. స్టేషన్లు కొద్దిపాటి పాటలనే తిప్పి తిప్పి వేసి కోటా నింపుకోవడంతో 2016లో చట్టాన్ని సవరించాల్సి వచ్చింది. పది పాటలకే సగానికి మించి ప్రసారాలు దక్కితే అదనపు ప్రసారాలను కోటాలో లెక్కించరాదన్నది ఆ సవరణ.

వీటిలో ఉత్తరాంధ్రకు సరిపోయేది బ్రిటన్ నమూనా అని చెప్పడానికి కారణం ఉంది. కోటా పెడితే ఆ కోటాను హైదరాబాద్‌లో కూర్చుని నింపవచ్చు. స్థానిక స్టేషన్ ముందు వినాలన్న నియమం ఉంటే మాత్రం టెక్కలి పాట టెక్కలికి దగ్గరున్న చెవినే మొదట చేరుతుంది. యాసలోని సొంపు, జముకు అనే జానపద వాద్యం మోత, తప్పెటగుళ్ల నృత్యపు అడుగు ఆ చెవికి వివరించి చెప్పనక్కరలేదు.

### మంచి పరిచయం ఎలా ఉంటుంది?

రేడియోలో ఆల్బమ్ మొత్తాన్ని ఒకే బిగిన వినిపించడం అరుదుగా ఫలిస్తుంది. ఎనిమిది పాటల్లో మొదట వినిపించే ఒక్కదాన్ని ఎంచుకోవడంలోనే సిఫార్సు చేసేవారి నేర్పు తెలుస్తుంది. కళాకారుడు తన అత్యుత్తమ పాట అనుకున్నది చాలాసార్లు నెమ్మదిగా, ఐదారు నిమిషాల నిడివితో, చివర్లో గాని ఎత్తుకోని రీతిలో ఉంటుంది. రేడియోకు మొదట కావలసింది మొదటి అర నిమిషంలోనే గొంతు వినిపించి, పల్లవి తిరిగి తిరిగి వచ్చే పాట. ఆ పాటతో పేరు పరిచయమయ్యాక, మూడో వారంలో ఆ నెమ్మది పాటను ధైర్యంగా వేయవచ్చు.

తర్వాతిది మాట. తెలుగు రేడియోకు ఒక స్థిరమైన వరస అలవాటైంది: చిత్రం ఫలానా, సంగీతం ఫలానా, రచన ఫలానా, గానం ఫలానా. సినిమాయేతర పాట వచ్చేసరికి మొదటి గడి ఖాళీ. ‘ఇది ఏ సినిమాలోది?’ అని అడిగే శ్రోతకు సినిమా పేరు ఇచ్చే ఆధారం మరోచోట దొరకాలి. కథ, హీరో, సన్నివేశం ఏవీ లేవు కనుక ఊరో, వాద్యమో, పాట పుట్టిన సందర్భమో ఆ గడిని నింపాలి. ‘ఇప్పుడో అదిరిపోయే ఇండీ ట్రాక్, మిస్సవకండి’ అన్న మాట దేన్నీ నింపదు. దానికి బదులు ఇలా చెప్పారనుకుందాం: ‘ఈ పాట పాడినమ్మాయిది ఆమదాలవలస. రెండో చరణానికి ముందు గిటారు ఆగి జముకు ఒక్కటే మోగుతుంది, అక్కడ కాస్త చెవి పెట్టండి.’ పదిహేను సెకన్లు కూడా పట్టని ఈ రెండు వాక్యాలతో శ్రోతకు ఎదురుచూడటానికి ఒక చోటు దొరికింది. రెండో చరణం దాకా అతడు స్టేషన్ మార్చడు. పాట అయ్యాక గాయని పేరు, ఆల్బమ్ పేరు మళ్లీ నిదానంగా చెప్పడం అంతకంటే ముఖ్యం. పాట నచ్చిన శ్రోత పేరు కోసం చెవి నిక్కబొడుచుకునేది ఆ క్షణంలోనే. చాలా స్టేషన్లలో సరిగ్గా అప్పుడే వ్యాపార ప్రకటన మొదలవుతుంది.

మూడోది నమ్మకం. డబ్బు తీసుకుని, ఆ సంగతి చెప్పకుండా పాటను మెచ్చుకోవడం రేడియోలో చాలా పాత జబ్బు. అమెరికా 1960లో చట్టం మార్చి దాన్ని నేరం చేసింది. చిన్న పట్టణంలో ఆర్జే ఎవరో, గాయకుడు ఎవరో అందరికీ తెలిసే ఉంటుంది కనుక ఈ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. డబ్బు కట్టిన పాటను ప్రకటనగానే వినిపించాలి. బాగుండని పాటను స్థానిక అభిమానంతో వేయడం కూడా నష్టమే. రెండుసార్లు నిరాశపడ్డ శ్రోత మూడోసారి సిఫార్సును వినడు, ఆ నష్టం తర్వాత వచ్చే మంచి ఆల్బమ్‌కు తగులుతుంది.

### కొత్త ఛానళ్లతో ఏం మారవచ్చు?

వేలం పూర్తయి ప్రసారాలు మొదలైతే రెండు రకాల ఫలితాలు ఊహించవచ్చు. ప్రైవేటు ఎఫ్‌ఎంల కోసం కేంద్రం తెచ్చిన మూడో దశ విధానం ఒకే సంస్థకు చెందిన స్టేషన్లు కార్యక్రమాలను పంచుకోవడానికి దేశమంతటా అనుమతించింది. ప్రకటనల ఆదాయం తక్కువగా ఉండే చిన్న పట్టణంలో సిబ్బందిని పెట్టడంకంటే హైదరాబాద్ కార్యక్రమాన్నే ఇక్కడ వినిపించడం చవక. అదే జరిగితే శ్రీకాకుళానికి కొత్త తరంగం వస్తుంది, కొత్త పాట రాదు. రెండో అవకాశం ప్రకటనల స్వభావం నుంచే పుడుతుంది. ఇక్కడి స్టేషన్‌కు డబ్బిచ్చేది ఇక్కడి బట్టల దుకాణాలు, నగల దుకాణాలు, కళాశాలలే. పైడితల్లి సిరిమానోత్సవం, అరసవల్లి రథసప్తమి రోజుల్లో ఊరి మాట వినిపించే స్టేషన్‌కే వాళ్లు మొగ్గుతారు. ఆ ఊరి మాటలో ఊరి పాటకు రోజుకు ఒక అరగంట దొరకడం వ్యాపారరీత్యా కూడా అసాధ్యం కాదు.

కమ్యూనిటీ రేడియో మూడో దారి. 100 వాట్ల ప్రసార శక్తితో పది పదిహేను కిలోమీటర్లు వినిపించే ఈ స్టేషన్లలో సగం కార్యక్రమాలు స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలన్నది నిబంధన. జహీరాబాద్ ప్రాంతంలో 2008 నుంచి నడిచిన సంగం రేడియో గ్రామీణ మహిళల చేతనే కార్యక్రమాలు చేయించి ఇది సాధ్యమేనని చూపింది. 2024లో కేంద్రం ఈ స్టేషన్లకు గంటకు అనుమతించే ప్రకటనల సమయాన్ని 7 నిమిషాల నుంచి 12 నిమిషాలకు, పది సెకన్ల రేటును 52 రూపాయల నుంచి 74 రూపాయలకు పెంచింది. ఒక కళాశాలో స్వచ్ఛంద సంస్థో పూనుకుంటే పాటల జాబితాను ఊళ్లోనే తయారుచేసుకునే స్టేషన్ ఇదొక్కటే.

ఈ మూడింటిలో ఏది ముందు వచ్చినా, ఆల్బమ్ చేసినవారు సిద్ధంగా ఉంచుకోవలసినవి ఒకటే: ఎంపీ3 కాకుండా పూర్తి నాణ్యత గల ఆడియో ఫైలు, సాహిత్యం కాగితం, రాసినవారు, బాణీ కట్టినవారు, వాయించినవారు సంతకాలు చేసిన హక్కుల పత్రం, ప్రసారానికి అనుమతి ఇస్తూ ఒక ఉత్తరం, ఫోన్ నంబరు. వాటితోపాటు ఏ పాటను ముందు వేయాలో, అందులో ఏం వినాలో చెప్పే నాలుగు వాక్యాలు జతచేస్తే, చదివే తీరిక లేని సంగీత విభాగానికి సగం పని తగ్గుతుంది.